చిత్రము క్రింది పేరు

(మన పద్మశాలీయ సంఘ వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



కార్యక్రమ పత్రికయందు నా పేరునకెదుట "విద్య - మన కర్తవ్యము" అని యచ్చువేయబడియున్నది. ముప్పది నాలుగేండ్లు బాలురకు సంస్కృతాంధ్రములు బోధించిన వానికి ఆ విషయము క్రొత్తది కాదు. మీకును వినుట క్రొత్త కాదు. కాని నిన్నటి కార్యవర్గ సమావేశమున జరిగిన యొక చర్చను విన్న పిమ్మట, నేడు నేను చెప్పవలసినది వేరొకటి కలదని తోచినది. కార్యదర్శిగారి యనుజ్ఞ బొంది విషయమును మార్చుకొనుచున్నాను. క్షమింపగలరు.

ఆ చర్చ యేమన - పోచంపల్లి ప్రాంతమున మగ్గము నేయు కుటుంబమున బుట్టి, పెండ్లిండ్లలో ఫొటోలు తీసి జీవించు మన యువకుడొకడు, హైదరాబాదునందు జరుగు ఛాయాచిత్రోత్సవమునకు తన చిత్రములను పంపదలచినాడు. వానిని పెద్ద పటములుగా నచ్చొత్తించుటకు సంఘనిధినుండి కొంత సాయము కోరినాడు. ఆ మొత్తము ఈ సభామంటపమునకు మనము చేసిన దీపాలంకారపు వ్యయములో నాలవ పాలైనను లేదు. అయినను కొందరు ఇయ్యవలెననిరి, కొందరు వలదనిరి. నిర్ణయము నేటి సాయంకాలపు తీర్మానముల సమావేశమునకు వాయిదా పడినది. నేను వాని పక్షమున మాటాడ నిలిచితిని. వాడు నా శిష్యుడు. ఆ సంగతి దాచను. అందుకుగాను నా మాటలో కొంత తరుగు తీసివేసికొనుడు. మిగిలిన దానిని మాత్రము తూచి చూడుడు.

ఛాయాచిత్రోత్సవ మనగా నేమని మనలో పెద్దలు కొందరడిగిరి. సంగీతమునకు త్యాగరాజోత్సవమెట్లో, ఛాయాచిత్రకళకు ఇదియట్టిది. ఫ్రాన్సు దేశమున ఆర్ల్ అను పురాతన నగరమునందు 1970 వ సంవత్సరమున లూసియన్ క్లెర్గ్ అను ఛాయాచిత్రకారుడు, మిషెల్ టూర్నియే అను రచయిత, జాన్ మోరిస్ రూకెట్ అను చరిత్రజ్ఞుడు, ఈ ముగ్గురు మిత్రులు కలిసి యిట్టి యుత్సవమును ప్రారంభించిరి. మన పొరుగున ఢాకా నగరమున 2000 సంవత్సరమున "ఛబి మేళా" వెలసినది. మన హైదరాబాదునందు 2015 లో "ఇండియన్ ఫొటోగ్రఫీ ఫెస్టివల్" అను పేర నొక యుత్సవ మారంభమైనది. మాదాపురమునందలి స్టేట్ ఆర్ట్ గ్యాలరీ దానికి ముఖ్యస్థానము. దేశదేశముల చిత్రకారుల పటములు అచట గోడలపై నిలుచును; చూడవచ్చువారు రుసుము చెల్లింప నక్కరలేదు. పాల్గొనగోరువాడు ఒకే విషయమునకు సంబంధించిన చిత్రములను వరుసగా కూర్చి, తన యుద్దేశమును వ్రాసి పంపవలెను. తెలిసినవారు వానిని పరిశీలించి యెన్నుకొందురు. అనుభవజ్ఞుల యెదుట తన చిత్రములను పరచి, గుణదోషములను ముఖాముఖి విని దిద్దుకొను నేర్పాటును కలదు. మా కాలమున పండితపరిషత్తులో పరీక్ష యిచ్చుటవంటిదే యిదియును.

"ఫొటో తీయుటయు నొక విద్యయేనా? నేడు పసిబిడ్డయు చేతిలోని ఫోనుతో ఫొటో తీయుచున్నాడు" అని యొక మిత్రుడు నవ్వినాడు. అక్షరములు వ్రాయు ప్రతివాడును కవి కానట్లే, మీట నొక్కు ప్రతివాడును చిత్రకారుడు కాడు. మన పూర్వులు చిత్రమునకు ఆరంగములు చెప్పిరి: రూపభేదము, ప్రమాణము, భావము, లావణ్యయోజనము, సాదృశ్యము, వర్ణికాభంగము. వీనిలో సాదృశ్య మొక్కటియే యంత్రము తనంతట నిచ్చునది. తక్కినవి యంత్రము వెనుక నిలిచిన కంటివి, మనస్సువి. 1839 లో పారిసునగరమున డాగెర్ విధానము లోకమునకు ప్రకటింపబడినది. 1856 నాటికే మద్రాసులో ఛాయాచిత్రకారుల సంఘమొకటి యేర్పడినది. మన హైదరాబాదున ఆరవ నిజాము కొలువున నుండిన రాజా దీనదయాళుగారు (1844-1905) 1893 లో షికాగో నగరపు మహాప్రదర్శనమునకు తన చిత్రములను పంపి బహుమానము బడసిరి. కావున హైదరాబాదు చిత్రకారుడు ప్రదర్శనమునకు పటములు పంపుట నేడు పుట్టిన వింత గాదు.

ఇక నీ యువకుడు పంపదలచిన చిత్రములెట్టివి? ఇదియే ముఖ్యము.

మన పోచంపల్లి నేత తక్కిన నేతలవంటిది గాదు. అచ్చట చిత్రము బట్టపై వేయబడదు. నూలులోనే ముందుగా దాగియుండును. నూలును లెక్కప్రకారము సాగదీసి, రంగంటరానిచోట్ల సైకిలు ట్యూబు పేలికలతో బిగియగట్టి, అద్దకము చేసి, విప్పి, మరల గట్టి, మరల నద్దుదురు. మగ్గమెక్కిన పిదప పోగు పోగునకు పువ్వో, చిలుకయో, వజ్రపుగడియో తానై బయటపడును. ఫొటోవిద్యయు పూర్వమిట్లే యుండెడిది. వెలుగు సోకిన రేకుమీద బింబము కంటికి గనబడక దాగియుండి, చీకటిగదిలో మందునీటియందు ముంచినప్పుడు మెల్లగా పైకి దేలెడిది. దాగిన బింబమును తెలిసి, ఓర్పుతో వెలికి దీయుట మన కులవిద్య. మనవాడు కెమెరా పట్టిన, కులవిద్య విడిచెనని నాకు తోచదు.

ఆ యద్దకమునకు ముందు జరుగు పని ఆసు. పేకనూలును ఒకప్రక్క నున్న మేకునుండి ఎదుట అర్ధచంద్రాకారమున వరుసదీరిన మేకులకు, మరల వెనుకకు, పోగు పోగుగా త్రిప్పి పోయవలెను. ఒక్క చీరకు చేయి తొమ్మిదివేల పర్యాయములు అటునిటు పోవలెనని లెక్క. నాలుగైదు గంటలు ఎడతెగక పని చేసినగాని యొక చీర ఆసు ముగియదు. రోజునకు రెండు చీరలు పోసిన యామె చేయి పదునెనిమిది వేల సారులు తిరిగినదన్నమాట. ఇది మన యిండ్లలో ఆడువారి పని. మగ్గముమీద గూర్చున్నవాని పేరు బజారున వినబడును. ఆసు పోసిన యామె పేరు ఇల్లు దాటదు. తల్లి భుజముల నొప్పి చూడలేక శ్రీ చింతకింది మల్లేశముగారు ఏండ్ల తరబడి పాటుపడి 1999 లో ఆసుయంత్రమును నిర్మించి, దానికి తల్లి పేరే పెట్టి "లక్ష్మీ ఆసుయంత్ర" మనిరి. గంటన్నరలో చీర యాసు ముగియునట్లయినది. 2017 లో ప్రభుత్వమువారు వారికి పద్మశ్రీ యిచ్చి గౌరవించిరి. మన కులమున కంతకు మించిన కీర్తి యేమి కలదు?

యంత్రము వచ్చినది, మంచిదే. కాని అంతకు పూర్వము ముప్పది, నలుబదియేండ్లు చేతితో ఆసు పోసిన స్త్రీలు ఇంకను మన నడుమ నున్నారు. వారి భుజములు వంగినవి; కొందరికి చేయి తలపైకి లేవదు. మనవాడు నాలుగేండ్లుగా ఊరూర దిరిగి అట్టి యిరువదిముగ్గురు వృద్ధుల చిత్రములు తీసినాడు. వారిని ఏడిపించి తీయలేదు, నవ్వించి తీయలేదు. ఒకామె గోడకు వ్రేలాడు పాత ఆసుచట్రము క్రింద గూర్చుండి బియ్యమేరుచున్నది. ఒకామె రెండు చేతులును ఒడిలో పెట్టుకొని సూటిగా మనవంక జూచుచున్నది. ఆ కుడిచేయి ఎడమచేతికంటె నొకింత క్రిందికి జారియుండుట, ఆ చిత్రమును కొంతసేపు చూచినగాని తెలియదు. ప్రతి చిత్రము క్రిందను వాడు మూడు సంగతులు వ్రాసినాడు: ఆమె పేరు, ఆమె యూరు, ఎన్నియేండ్లు ఆసు పోసినది. అంతియే.

ఈ చిత్రములపై నిన్న మూడు ఆక్షేపణలు వచ్చినవి.

మొదటిది: మన పేదరికమును పరులయెదుట పరచుట యవమానమని. అయ్యలారా! అవమానము పేదరికమున నున్నదా, దానిని చూచియు చూడనట్లుండుటయం దున్నదా? ఆ చిత్రములలో నాకు దైన్యము కనబడలేదు, పని కనబడినది. చీరను వేలరూపాయలకు అమ్మునప్పుడు దాని యందమును పొగడుదుము. ఆ యందము ఎవరి భుజమునుండి వచ్చినదో చూపుటకు సిగ్గేల?

రెండవది: ఆడువారి చిత్రములు నలుగురిలో నుంచుట తగదని. ఈ శంక పాతది, సమాధానమును పాతదే. దీనదయాళుగారు 1892 లో హైదరాబాదున ఘోషాస్త్రీలకై ప్రత్యేకముగా నొక చిత్రశాలను తెరచి, దానిని ఒక స్త్రీ చేతనే నడిపించిరి. అనగా ఆనాడే వారు గ్రహించినది, అడుగవలసినది స్త్రీ యిష్టమునేగాని వేరొకరి యిష్టమును గాదని. మనవాడు ఆ యిరువదిమువ్వుర యనుమతిని వ్రాతమూలమున బొందినాడు; వ్రాతరానివారికి చదివి వినిపించి వ్రేలిముద్ర వేయించినాడు. ఒకామె వలదన్నది, ఆమె చిత్రమును తీసివేసినాడు. ఇంతకంటె మర్యాద యేమి కావలెను?

మూడవది యాక్షేపణ గాదు, రాజీమార్గముగా వచ్చిన సూచన. "ధనమిత్తము, కాని యా ముసలమ్మల పేర్లెవరికి కావలెను? వాని స్థానమున 'పద్మశాలి స్త్రీలు' అని వేసి, క్రింద సంఘము పేరును, దాతల పేర్లును వేయింపుడు. కులమునకు కీర్తి, దాతలకు తృప్తి" అని. ఈ సూచన చేసిన పెద్దలు మంచి మనసుతోనే చేసిరి. పెక్కురు తల లూపిరి. నాకు రాత్రి నిద్రపట్టనిది ఈ మాటవలననే.

సోదరులారా! పేరు తీసి కులము వ్రాయుట మనకు క్రొత్తగాదు. మనకు ఇతరులు చేసినదే. 1868 మొదలు 1875 వరకు వాట్సన్, కే అను ఇరువురు దొరలు మన దేశపు జనులను గూర్చి యెనిమిది సంపుటములు ప్రకటించిరి. అందు 468 ఛాయాచిత్రములు గలవు. 1909 లో మద్రాసు మ్యూజియమునకు అధికారిగా నుండిన థర్‌స్టన్ దొర, రంగాచారిగారి సాయమున, దక్షిణదేశపు కులములను గూర్చి యేడు సంపుటములు వెలువరించెను. అందు మన పద్మశాలీయుల ప్రస్తావనయు గలదు. ఆ గ్రంథముల వలన తెలియు విషయము లనేకము. వానిని నేను నిందింపను. కాని ఆ పటములను చూడుడు. పెక్కింటి క్రింద కులము పేరే గాని మనిషి పేరు లేదు. నిలుచున్నవాడు ఎవరి తండ్రియో, ఎవరి మగడో తెలియదు. వస్తుప్రదర్శనశాలలోని శిలకు చీటి యంటించినట్లు, మనిషికి కులమంటించిరి.

అంతదూరమేల? మా తల్లియు ఆసు పోసినదే. నా బాల్యమున నొకనాడు ఎవరో యాత్రికుడు మా యింటికి వచ్చి, ఆసు ముందు గూర్చున్న ఆమెను రెండు మూడు ఫొటోలు తీసికొని, చేతులు జోడించి వెడలినాడు. పేరడుగలేదు. పటము పంపలేదు. మా తల్లి ఛాయాచిత్రము మాయింట నేటికిని లేదు. ఏ దేశమున, ఏ పుస్తకమునందు ఆమె "ఒక నేతస్త్రీ"గా నున్నదో నేనెరుగను. 2021 లో ఐక్యరాజ్యసమితి పర్యాటకసంస్థవారు పోచంపల్లిని ఉత్తమ పర్యాటక గ్రామములలో నొకటిగా నెన్నుకొన్నారు. మనకు సంతోషమే. వచ్చువారు చేతిలో కెమెరాతోనే వత్తురు. వారు మన పేర్లడుగుదురో లేదో వారి యిష్టము. మనవాడే మనవారి పేరు చెరపవచ్చునా?

సంస్కృతము చదివినవాడను గనుక నొక ఘట్టము చెప్పక తప్పదు. భవభూతి యుత్తరరామచరితమున మొదటి యంకమున సీతారాములకు లక్ష్మణుడు చిత్రపటములను చూపును. తమ వివాహ చిత్రమువద్దకు వచ్చి, ఈమె సీత, ఈమె మాండవి, ఈమె శ్రుతకీర్తి యని వ్రేలితో చూపుచు పేర్లు చెప్పును. నడుమ నొకామెను విడిచిపెట్టును. అపుడు సీత చిరునవ్వుతో, "నాయనా, మరి యీమె యెవ్వరు?" అని యడుగును. ఆమె ఊర్మిళ. లక్ష్మణుడు సిగ్గుపడి మరియొక పటమునకు దృష్టి మరల్చును. అచట పేరు మానుట ప్రేమవలన, సిగ్గువలన. అది చదువునప్పుడెల్ల నా శిష్యులు నవ్వెడివారు, నేనును నవ్వెడివాడను. కాని యీ ముదిమియందు ఆ ఘట్టము నాకు వేరుగా తోచుచున్నది. పటమున అందరును ఉన్నారు. పేరు పలుకని యామెయు ఉన్నది. ఆ లోపమును గుర్తించి వ్రేలు పెట్టి యడిగినది సీత యొక్కతియే. "మరి యీమె యెవ్వరు?" అని యడుగువారొకరుండుటయే చిత్రమునకు ప్రాణము.

ఇపుడు నా దోషమొకటి మీ యెదుట ఒప్పుకొనవలసియున్నది. పదునెనిమిదేండ్ల క్రిందట మన సంఘ సంచికకు నేనే సంపాదకుడను. వార్షికోత్సవపు గుంపుఫొటో నచ్చువేయించితిమి. ముందువరుస కుర్చీలలో గూర్చున్న పెద్దల పేర్లు బిరుదులతో సహా ఎడమనుండి కుడికి వేయించితిని. వెనుక నిలిచిన పందొమ్మండుగురు మూడుదినములు రేయింబవళ్ళు వంటలు చేసి, పందిళ్ళు వేసి, వడ్డించినవారు. చోటు చాలదని వారినందరిని "తదితరులు" అని యొక్కమాటతో ముగించితిని. రెండేండ్లు గడచినవి. ఒకనాడు ఒక స్త్రీ యా సంచికను కొంగున జుట్టుకొని మాయింటికి వచ్చినది. వెనుక వరుసలో మూడవవానిపై వ్రేలుంచి, "సారూ, ఈయనె మా పిల్లగాని నాయిన. పోయి ఆర్నెల్లయె. ఇంట్ల వేరె ఫొటో లేదు. గీడ పేరు లేకపాయె. రేపు పిల్లగాడు సదువు నేర్చినంక యెట్ల గుర్తువడతడు?" అని యడిగినది. నేను ముప్పది నాలుగేండ్లు అందరికి అక్షరములు నేర్పినవాడను. ఆ పిల్లవాని తండ్రికి నాలుగక్షరముల చోటియ్యలేకపోతిని. కలము దీసి ఆ ప్రతిలో, ఆ తలకెదుట, అతని పేరు వ్రాసి యిచ్చితిని. తక్కిన వెయ్యి ప్రతులలో నతడు నేటికిని "తదితరుడే".

ఆ పిల్లవాడెవడో మీరు ఊహించియే యుందురు. నేడు మనలను సాయమడిగినవాడు వాడే. వాడు ప్రతి చిత్రము క్రిందను ముందుగా పేరు వ్రాయుట యెందుకో నాకు వాడెన్నడును చెప్పలేదు, నేను అడుగలేదు.

కావున సాయంకాలపు సమావేశమునకు నేను మూడు ప్రార్థనలు చేయుచున్నాను.

మొదటిది: ఈ యువకునకు అడిగిన సాయము నియమము లేకుండ నియ్యవలెను. సంఘము పేరు వేయదలచిన, ఒక ప్రక్కన చిన్నయక్షరములతో వేయుడు. ఆ యిరువదిమువ్వుర పేర్లు మాత్రము యథాతథముగా నుండవలెను. చిత్రములు ఎన్నికగునో కావో చెప్పలేము. అది పరిశీలకుల పని. ఎన్నిక కాకున్నను ఆ పటములు మన విద్యార్థి వసతిగృహపు గోడలపై నుండదగినవి. అచటి బాలురు రోజును చూచి నేర్చుకొనదగిన పాఠము వానియందు గలదు.

రెండవది: ఇండ్లలో పెట్టెల యడుగున, దేవుని పటముల వెనుక పాత ఫొటోలున్నవి. అందలి ముఖములను గుర్తింపగలవారు ఏటేట తరుగుచున్నారు. ఈ నాలుగేండ్లలోనే యా యిరువదిమువ్వురలో ముగ్గురు గతించిరి. ప్రతి కుటుంబమువారును ఇంటి పెద్దలయొద్ద గూర్చుండి, ప్రతి ఫొటో వెనుకను పేరు, ఊరు, సంవత్సరము పెన్సిలుతో వ్రాయుడు. సిరా వ్రాయకుడు, అది పటమునకు దిగును. ప్రతులను సంఘ కార్యాలయమున భద్రపరచుటకు మన యువకులు నడుము కట్టవలెను. దీనికి ధనముతో పనిలేదు. ఒక మధ్యాహ్నము చాలును.

మూడవది సంపాదకవర్గమువారికి. ఈ సంచికయందు దాతల ఛాయాచిత్రములు అచ్చగును, తగినదే. వారి ఔదార్యము లేనిదే సంచికయే లేదు. కాని గుంపుఫొటో వేసినయెడల, ఎంత చిన్న యక్షరములైనను సరే, అందరి పేర్లును వేయుడు. చోటు చాలనిచో నా యీ యుపన్యాసమున కొంత తగ్గింపుడు.

మనము భావనాఋషి సంతతివారమని చెప్పుకొందుము. ఆ మహర్షి తామరతూడు నారతో వస్త్రము నేసి దేవతల మానము గాచెనని మన పెద్దల వాక్యము. వస్త్రమిచ్చుట మనిషికి మర్యాద నిచ్చుట. పేరు నిలుపుటయు నట్టిదే. వస్త్రములేనివాడు ఎట్లు సభకు రాలేడో, పేరులేనివాడు అట్లే చరిత్రకు రాలేడు. లోకమునకంతటికి వస్త్రమిచ్చిన కులము, తన తల్లుల చిత్రముల క్రింద పేరు మాత్రము వ్రాయజాలకపోయెనను మాట మనకు రాకుండుగాక.